చర్మం మానుతుంది, ఎముక అతుకుతుంది. మోకాలి మృదులాస్థి ఎందుకు తిరిగి పెరగదు?

నర్సంపేట_బడి (జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు)

సభ్యులందరికీ నమస్కారం. తొమ్మిదో తరగతికి జంతు కణజాలాల పాఠం చెబుతున్నాను. ఉపకళా, సంయోజక, కండర, నాడీ కణజాలాలని నాలుగు రకాలు చెప్పి, పటాలు గీయించి, పరీక్షకు సిద్ధం చేయడం ప్రతి ఏడూ జరిగేదే. ఈసారి పిల్లలు అడిగిన రెండు ప్రశ్నలకు మాత్రం పాఠంలో నేరుగా జవాబు దొరకడం లేదు.

మొదటిది: పారే రక్తాన్ని, గట్టిగా ఉండే ఎముకను ఒకే వర్గంలో ఎందుకు చేర్చారు? రెండవది, తల్లి రోజంతా నాట్లలో వంగి పనిచేసే ఒక అమ్మాయి అడిగింది: కొడవలితో తెగితే చర్మం వారం పది రోజుల్లో మానుతుంది, విరిగిన చెయ్యి నెలన్నరకో రెండు నెలలకో అతుకుతుంది, మరి అమ్మ మోకాలిలో అరిగిపోయింది ఎందుకు తిరిగి రాదు?

ఎముకల చివరలను కప్పే ఆ మృదులాస్థికి రక్తనాళాలు లేవు కాబట్టి అని ఒక్క వాక్యంతో ముగించవచ్చు. కానీ కంటి నల్లగుడ్డు మీద ఉండే పారదర్శక పొరకు, అంటే కార్నియాకు కూడా రక్తనాళాలు లేవు. వడ్ల పొట్టు పడి దాని పైపొర గీసుకుపోతే రెండు మూడు రోజుల్లో మానిపోతుంది. అందువల్ల ఆ ఒక్క వాక్యం నాకు తృప్తిగా లేదు. తెలిసినవారు వివరించగలరు.


భద్రకాళి_గట్టు (పాథాలజీ వైద్యుడు, హనుమకొండ)

టీచర్ గారూ, కార్నియా ఉదాహరణ చాలా పదునైనది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. శరీరపు బయటి, లోపలి ఉపరితలాలను కప్పే ఉపకళా కణజాలంలో సాధారణంగా ఎక్కడా రక్తనాళాలు ఉండవు. చర్మం పైపొరలోనైనా, నోటి లోపలైనా, పేగు లోపలి పొరలోనైనా అవి ఆధార త్వచానికి (ఉపకళ కింద పరిచినట్టుండే పలచని పొరకు) కిందనే ఆగిపోతాయి, పైనున్న కణాలు కింది నుంచి ఊరివచ్చే పోషకాలతో బతుకుతాయి. అయినా శరీరంలో అన్నిటికంటే త్వరగా మానేవి ఈ పొరలే. రక్తనాళాలు లేకపోవడమే అసలు కారణమైతే చర్మం కూడా మానకూడదు.

తేడా ఎక్కడుందో సూక్ష్మదర్శిని కింద చూస్తే తెలుస్తుంది. హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు వేసిన చర్మపు స్లైడులో కణాలు ఒకదానికొకటి ఆనుకొని కిక్కిరిసి ఉంటాయి. అట్టడుగు వరుసలోని కేంద్రకాలు ముదురు నీలంగా కనిపిస్తాయి. విభజన జరిగేది ఆ వరుసలోనే. అక్కడ పుట్టిన కణం పైకి జరుగుతూ కెరాటిన్ అనే గట్టి ప్రోటీన్ నింపుకొని, చివరికి చచ్చి పొట్టులా రాలిపోతుంది. ఈ ప్రయాణానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. కార్నియాకైతే కొత్త కణాలను పుట్టించే మూల కణాలు (స్టెమ్ సెల్స్) నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో ఉంటాయి. గీత పడగానే చుట్టూ ఉన్న కణాలు పాకుతూ వచ్చి ఖాళీని కప్పేస్తాయి, అంచులోని మూల కణాలు వెనుక నుంచి కొత్తవాటిని సరఫరా చేస్తాయి.

అదే మృదులాస్థి స్లైడు పెట్టి చూడండి. లేత ఊదారంగు మైదానంలో అక్కడొక గుంట, ఇక్కడొక గుంట, ఒక్కో గుంటలో ఒకటో రెండో కణాలు ఉంటాయి. తాను తయారుచేసిన పదార్థంలోనే ఆ కణం చిక్కుకుపోయింది. పెద్దవారిలో అది చాలా అరుదుగా విభజన చెందుతుంది, విభజన చెందినా గాయం దాకా జరిగి రాలేదు. దగ్గరలో దానికి తోడు వచ్చే మూల కణాల నిల్వ కూడా దాదాపు లేదు. రక్తనాళాలు లేకపోవడం ఈ లోటును పెంచుతుంది, కానీ మూలకారణం కణం కదలలేకపోవడం, విభజన చెందకపోవడం.

ఈ తేడాను మొదట వర్గీకరించి చెప్పినవాడు ఇటలీ శాస్త్రవేత్త జూలియో బిజోజెరో. 1894లో ఆయన శరీర కణాలను మూడు రకాలుగా చూశాడు: జీవితాంతం విభజన చెందుతూనే ఉండేవి, అవసరం వచ్చినప్పుడు మాత్రమే విభజన చెందేవి, ఎదుగుదల తర్వాత ఇక విభజన చెందనివి. చర్మం, పేగు, ఎముక మజ్జ మొదటి కోవకు చెందుతాయి. పేగు లోపలి పొర అయితే మూడు నుంచి ఐదు రోజులకొకసారి మారిపోతుంది. కాలేయం రెండవ కోవకు చెందుతుంది. మూడింట రెండు వంతులు కోసి తీసివేసినా మిగిలిన భాగం తిరిగి దాదాపు పాత పరిమాణానికి పెరుగుతుంది. గుండె కండరం, నాడీకణాలు దాదాపు మూడవ కోవలోనివే. మీ తరగతిలో నాలుగు రకాల పట్టికకు పక్కన ఈ మూడు కోవలను కూడా రాయిస్తే రెండవ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

ఇక రక్తం సంగతి. సంయోజక కణజాలాలన్నిటిలో కణాలు విడివిడిగా, మాత్రికలో (కణాల మధ్య నిండి ఉండే పదార్థంలో) చెదిరి ఉంటాయి. ఎముకలో ఆ మాత్రిక కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు, కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజాలతో గట్టిగా ఉంటుంది. రక్తంలో అది ప్లాస్మా అనే ద్రవం, రక్తంలో దాదాపు 55 శాతం. రెండూ పిండంలోని మధ్య పొర (మధ్యస్త్వచం) నుంచే వస్తాయి, పైగా రక్తకణాలు తయారయ్యేది ఎముక లోపలి మజ్జలోనే. ఒక చిక్కు మాత్రం ఉంది: ఎముక మాత్రికను ఎముక కణాలే తయారుచేస్తాయి కానీ ప్లాస్మాలోని ప్రోటీన్లలో అధికభాగం కాలేయం తయారుచేస్తుంది. కాబట్టి తెలివైన పిల్లవాడు ఎవరైనా ఈ వర్గీకరణను ఒప్పుకోకపోతే వాడిని కోప్పడవద్దని నా మనవి.


మానేరు_ఒడ్డు (ఫిజియోథెరపిస్టు, కరీంనగర్)

డాక్టర్ గారు చెప్పినదానికి మోకాలి వైపు నుంచి కొంత చేరుస్తాను. మోకాలిలో ఎముకల చివరలను కప్పి ఉండే మృదులాస్థి మందం చాలాచోట్ల రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లే. అందులో మూడింట రెండు వంతులకు పైగా నీరే ఉంటుంది. నడిచేటప్పుడు బరువు పడితే నీరు బయటికి పోతుంది, బరువు తీయగానే కీలు ద్రవాన్ని పీల్చుకొని మళ్ళీ ఉబ్బుతుంది. తడి స్పంజిని నొక్కి వదిలినట్టే. కణాలకు ఆహారం అందే దారి ముఖ్యంగా ఇదే. అందువల్ల మోకాలు నొప్పి అని పూర్తిగా మంచమెక్కితే మృదులాస్థికి అందేది ఇంకా తగ్గుతుంది.

రక్తం చేరితే సరిపోతుందా అన్నదానికి శస్త్రచికిత్సలోనే ఒక జవాబు ఉంది. అరిగిన చోట కింది ఎముకకు సన్నని రంధ్రాలు పెట్టి మజ్జలోని రక్తాన్ని, కణాలను పైకి రప్పించే పద్ధతి ఒకటి చాలాకాలంగా వాడుకలో ఉంది. అప్పుడు ఖాళీ నిండుతుంది, కానీ నిండేది మునుపటి నున్నని మృదులాస్థితో కాదు. పుట్టుకతో వచ్చిన దానిలో రెండవ రకం కొలాజెన్ ఉంటే, కొత్తగా వచ్చే నారల మృదులాస్థిలో మచ్చలలో కనిపించే మొదటి రకం కొలాజెన్ ఎక్కువగా ఉంటుంది. అది అంత నునుపుగా ఉండదు, అంతకాలం మన్నదు. అంటే రక్తం వచ్చింది, కణాలు వచ్చాయి, అయినా పాత కణజాలం రాలేదు. శరీరం దానికి బదులు మచ్చ వేసుకుంది.

ఆ అమ్మాయి తల్లి విషయంలో చేయగలిగింది ఉంది. తొడ ముందు భాగపు కండరాన్ని బలపరిచే వ్యాయామం, బరువు ఎక్కువగా ఉంటే కొంత తగ్గడం, గొంతు కూర్చుని చేసే పనులకు వీలైన చోట పీట వాడడం వంటివి నొప్పిని నిజంగా తగ్గిస్తాయి. మృదులాస్థి పెరగకపోయినా దాని మీద పడే భారాన్ని కండరం పంచుకుంటుంది.


ఖిలా_తోరణం (వరంగల్)

మా ఇంట్లో అందరూ మోకాళ్ళకు పాయ మంచిదంటారు. మేక కాళ్ళలో ఉన్న జిగురు మన కీళ్ళలోకి చేరుతుందని మా పెద్దమ్మ గట్టి నమ్మకం. కొలాజెన్ పొడులు కూడా మందుల దుకాణాల్లో బాగా అమ్ముడుపోతున్నాయి. ఇందులో నిజమెంత?


మానేరు_ఒడ్డు

పాయ రుచిగా ఉంటుంది, తాగవచ్చు. అందులోని కొలాజెన్ కడుపులో, పేగులో జీర్ణమై అమైనో ఆమ్లాలుగా, వాటి చిన్న చిన్న గొలుసులుగా విడిపోయిన తర్వాతే రక్తంలోకి వెళుతుంది. ఆ తర్వాత శరీరం వాటిని ఎక్కడ అవసరమైతే అక్కడ వాడుకుంటుంది. మేక మోకాలి నుంచి వచ్చాయి కాబట్టి మన మోకాలికే పోవాలన్న నియమం లేదు. అరిగిన మృదులాస్థిని పాయగానీ పొడిగానీ తిరిగి మొలిపించదు. కొలాజెన్ సరిగ్గా తయారుకావడానికి విటమిన్ సి మాత్రం తప్పనిసరి. అది లేకపోతే కొలాజెన్ పోగుల పేట గట్టిపడదు, చిగుళ్ళ నుంచి రక్తం కారుతుంది, పాత గాయాల మచ్చలు కూడా మళ్ళీ విచ్చుకుంటాయి. విటమిన్ సి లోపంతో వచ్చే ఈ స్కర్వీ అంటే సంయోజక కణజాలానికి వచ్చిన జబ్బే. ఆ విధంగా చూస్తే పాయలో పిండుకునే నిమ్మకాయకు కూడా గౌరవం ఇవ్వాలి. పెద్దమ్మ గారితో వాదన పెట్టుకోవద్దు, ఉప్పు తగ్గించమని మాత్రం చెప్పండి.


లక్నవరం_తీగ (డిగ్రీ విద్యార్థి)

ఏడేళ్ళకొకసారి మన శరీరమంతా కొత్తదైపోతుందని ఒక వీడియోలో విన్నాను. పై చర్చ చూస్తే అది సరికాదనిపిస్తోంది. ఏ కణజాలం ఎంత కాలానికి మారుతుందో ఎలా కనిపెట్టారు?


భద్రకాళి_గట్టు

సరికాదు. పైన చెప్పినట్టు పేగు పొర వయస్సు రోజుల్లో, ఎర్ర రక్తకణం వయస్సు దాదాపు 120 రోజుల్లో ఉంటే, పంటి మీది ఎనామిల్ ఒకసారి ఏర్పడిన తర్వాత మళ్ళీ తయారే కాదు, ఎందుకంటే దాన్ని తయారుచేసిన కణాలు పన్ను బయటికి వచ్చే సమయానికే పోతాయి. పెద్దవారి అస్థిపంజరంలో సుమారు పదో వంతు ఏటా పాతది పోయి కొత్తది వస్తుంది. కంటి కటకం మధ్యలోని ప్రోటీన్లు మనం పుట్టకముందు ఏర్పడినవే.

కనిపెట్టిన తీరు ఆసక్తికరంగా ఉంటుంది. 1950ల మధ్య నుంచి 1963 దాకా అమెరికా, సోవియట్ దేశాలు వాతావరణంలో జరిపిన అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 (రేడియోధార్మిక కార్బన్) దాదాపు రెట్టింపైంది, అలాంటి పరీక్షలను నిషేధించిన 1963 ఒప్పందం తర్వాత క్రమంగా తగ్గుతూ వచ్చింది. మొక్కల ద్వారా అది మన ఆహారంలోకి, అక్కడి నుంచి అప్పటికి విభజన చెందుతున్న కణాల డీఎన్ఏలోకి చేరింది. కాబట్టి ఒక కణపు డీఎన్ఏలో ఉన్న కార్బన్-14 మోతాదును ఆయా ఏళ్ళ గాలిలోని మోతాదుతో పోలిస్తే ఆ కణం ఎప్పుడు పుట్టిందో చెప్పవచ్చు. స్వీడన్‌లోని కరోలిన్స్కా సంస్థ పరిశోధకులు 2005లో ఈ పద్ధతిని ప్రకటించారు, 2009లో గుండెకు వర్తింపజేశారు. ఇరవై ఐదేళ్ళ వయస్సులో గుండె కండర కణాల్లో ఏటా ఒక శాతం, డెబ్బై ఐదేళ్ళకు అందులో సగానికి తక్కువ మాత్రమే కొత్తవి వస్తాయని తేలింది. జీవితకాలంలో సగం కణాలు కూడా మారవు. గుండెపోటు వచ్చిన చోట కండరానికి బదులు మచ్చ ఎందుకు పడుతుందో దీనితో అర్థమవుతుంది.


గోదావరిఖని_పాతకాపు (విశ్రాంత కార్మికుడు)

చదువుకున్నవారి మధ్య నాకు తోచింది అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. నేను బొగ్గు బాయిలో చాలా ఏళ్ళు పనిచేశాను. నాతో పనిచేసిన వారిలో బీడీ తాగేవారు ఉన్నారు, తాగనివారూ ఉన్నారు. కొందరికి ఎక్స్‌రేలో మచ్చలు కనిపిస్తున్నాయని అంటారు. లోపల దుమ్ము పేరుకుపోయిందా, లేక ఊపిరితిత్తే వేరే రకంగా మారిపోయిందా? బీడీ మానేస్తే ఏది వెనక్కి వస్తుంది, ఏది రాదు?


భద్రకాళి_గట్టు

పెద్దాయనా, రెండూ జరుగుతాయి, కానీ వేర్వేరు చోట్ల జరుగుతాయి.

గొంతు నుంచి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే గొట్టాల లోపలి పొర శైలికలున్న (సన్నని వెంట్రుకల్లాంటివి ఉన్న) స్తంభాకార ఉపకళ. మధ్యమధ్యలో ఉన్న కణాలు శ్లేష్మాన్ని విడుస్తాయి, దుమ్ము దానికి అంటుకుంటుంది, శైలికలు కలిసికట్టుగా కదులుతూ దాన్ని పైకి, గొంతు వైపుకు నెడతాయి. గని నుంచి బయటికి వచ్చాక నల్లటి కఫం పడేది అందుకే. ఏళ్ళ తరబడి బీడీ పొగ తగిలితే ఈ పొర తట్టుకోలేదు. అడుగున ఉన్న మూల కణాలు శైలికల కణాలకు బదులు, చర్మంలో ఉండేలాంటి చదునైన పొరల కణాలను తయారుచేయడం మొదలుపెడతాయి. దీన్ని మెటాప్లాసియా అంటారు. కొత్త పొర పొగను తట్టుకుంటుంది కానీ ఊడ్చే పని చేయలేదు. అందుకే బీడీ తాగేవారికి దగ్గుతప్ప కఫాన్ని బయటికి పంపే దారి ఉండదు. బీడీ మానేస్తే మూల కణాలు క్రమంగా పాత దారికి మళ్ళుతాయి, శైలికలు తిరిగి వస్తాయి. అయితే చాలా ఆలస్యమైతే కణాల ఆకారం, వరుస అస్తవ్యస్తమై డిస్ప్లాసియా అనే దశకు, అక్కడి నుంచి క్యాన్సర్‌కు దారితీయవచ్చు. కాబట్టి మానడానికి ఈ వయస్సులో ఏం లాభం అని మీ మిత్రులెవరైనా అంటే నమ్మవద్దు.

ఊపిరితిత్తుల చివర ఉండే చిన్న గాలి సంచుల, అంటే వాయుగోణుల సంగతి వేరు. ఐదు మైక్రాన్ల కంటే సన్నని ధూళి అక్కడిదాకా వెళుతుంది, అక్కడ శైలికలు లేవు. గాలికీ రక్తానికీ మధ్య ప్రాణవాయువు దాటవలసిన చోటు కనుక ఆ గోడ చాలా పలచని కణాలతో ఏర్పడింది. అక్కడికి చేరిన ధూళిని భక్షక కణాలు మింగుతాయి. బొగ్గు ధూళిని మింగిన కణాలు చిన్న గొట్టాల చివర గుంపుగా పోగై నల్లని మచ్చలు ఏర్పడతాయి. ధూళి ఎక్కువైతే వాటి చుట్టూ నార కణజాలం పెరుగుతుంది. రాతిలోని సిలికా ఇంకా ప్రమాదకరం. అది తనను మింగిన కణాన్నే చంపుతుంది, చచ్చిన కణం నుంచి బయటపడి మరో కణం నోట్లో పడుతుంది, ప్రతిసారీ విడుదలయ్యే సంకేతాలకు ఫైబ్రోబ్లాస్టులు అనే నార కణాలు కొలాజెన్ పేరుస్తూనే ఉంటాయి. పని మానేసిన తర్వాత కూడా ఇది కొనసాగవచ్చు. గనుల్లో రాతి పొరలను తొలిచినవారికి, కరీంనగర్ వైపు గ్రానైట్ కోతలో పనిచేసేవారికి ఈ ప్రమాదం ఉంది. ఆ గట్టి మచ్చ వెనక్కి రాదు. సిలికా బాధితులకు క్షయ సోకే అవకాశం కూడా ఎక్కువ కనుక దగ్గు, జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే కఫం పరీక్ష ఆలస్యం చేయకూడదు.


గోదావరిఖని_పాతకాపు

అర్థమైంది డాక్టర్ సారూ. బీడీ నేను మానేశాను, మా తమ్ముడితో కూడా మాన్పిస్తాను.


జగిత్యాల_కోట (జంతుశాస్త్ర అధ్యాపకుడు)

డాక్టర్ గారి వివరణలో వాస్తవాలతో నాకు పేచీ లేదు, కానీ ఉపాధ్యాయులు చదివే చర్చ కనుక ఒక హెచ్చరిక చేయదలిచాను. ఒక కణజాలం మరొక కణజాలంగా మారుతుందని పిల్లలకు చెబితే, శైలికలున్న కణమే కూర్చున్న చోట చదునైపోతుందని వారు ఊహించుకుంటారు. పూర్తిగా ఎదిగిన కణం సాధారణంగా అలా వేషం మార్చదు. మారేది మూల కణం ఇచ్చే సంతానం. పైగా మెటాప్లాసియాలో ఉపకళ ఉపకళగానే ఉంటుంది, రకం మాత్రం మారుతుంది. ఉపకళ నాడీ కణజాలం కాదు, కండరం ఎముక కాదు.

కణజాలం పనికి తగ్గట్టు సర్దుకునే మిగతా తీరులు నిజానికి మన కళ్ళ ముందే ఎక్కువగా కనిపిస్తాయి. ఈత చెట్లు, తాటి చెట్లు ఎక్కే గీత కార్మికుల పాదాలు, బీడీలు చుట్టే ఆడవారి వేళ్ళ కొనలు కాయలు కాస్తాయి. రాపిడికి జవాబుగా అడుగు వరుస వేగంగా విభజన చెంది కెరాటిన్ పొర మందమవుతుంది, పని ఆపితే కొన్ని వారాల్లో పలచబడుతుంది. బరువులు మోసే హమాలీ భుజంలో, ఏనుమాముల మార్కెట్లో పత్తి బస్తాలు ఎత్తేవారి తొడలో కండర పోగుల సంఖ్య పెద్దగా పెరగదు, ఒక్కో పోగు లావెక్కుతుంది. రక్తపోటు చాలాకాలం అదుపులో లేకపోతే గుండె ఎడమ జఠరిక గోడ కూడా అలాగే మందమవుతుంది. చూడడానికి బలంగా కనిపించినా దానికి రక్తం చాలదు, సడలడం కష్టమవుతుంది. గర్భాశయం ఈ రెండు పనులూ చేస్తుంది. మామూలుగా 60, 70 గ్రాములుండే అవయవం నెలలు నిండేసరికి దాదాపు కిలో బరువుకు చేరుతుంది, అందులో కండర కణాల సంఖ్యా పెరుగుతుంది, ప్రధానంగా పరిమాణమూ పెరుగుతుంది. కాన్పు తర్వాత ఆరు వారాల్లో తిరిగి కుదించుకుపోతుంది. ఇంత పెద్ద మార్పు, ఇంత పూర్తిగా వెనక్కి మళ్ళేది శరీరంలో మరొకటి చూపించడం కష్టం.


భద్రకాళి_గట్టు

మొదటి మాటతో ఏకీభవిస్తాను. "కండరం ఎముక కాదు" అన్నదానికి మాత్రం చిన్న సవరణ చేయాలి. మోచేతి దగ్గర దెబ్బ తగిలినప్పుడు ఊళ్ళలో నూనె రాసి గట్టిగా మర్దన చేయించడం, లాగించడం ఇప్పటికీ ఉంది. అలా చేస్తే నలిగిన కండరం మధ్యలో కొన్ని వారాలకు నిజమైన ఎముక ఏర్పడి చెయ్యి మడవలేని స్థితి రావచ్చు. కండర పోగు ఎముకగా మారలేదు, నిజమే. కండరం మధ్య ఉన్న సంయోజక కణజాలపు మూల కణాలు ఎముక కణాల దారి పట్టాయి. ఎముకల వైద్యులు తాజా దెబ్బకు మర్దన వద్దని అంతగా చెప్పేది ఇందుకే.


జగిత్యాల_కోట

అలా చెబితే నాకు అభ్యంతరం లేదు.


కెరమెరి_ఘాట్ (నర్సు, ఉట్నూరు ప్రాంతం)

రక్తం కణజాలమే అన్న మాట మా ప్రాంతంలో రోజూ కళ్ళకు కడుతుంది. ఇక్కడి గిరిజన గూడేల్లో సికిల్ సెల్ రక్తహీనత ఉన్న పిల్లలు ఉన్నారు. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరవ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లానికి బదులు వాలిన్ అనే మరొకటి వస్తుంది, అంతే తేడా. ప్రాణవాయువు తగ్గిన చోట ఎర్రకణం కొడవలి ఆకారంలోకి వంగి సన్నని నాళాలను మూసేస్తుంది. 120 రోజులు బతకవలసిన కణం పది, ఇరవై రోజులకే చనిపోతుంది.

దాని వెనుక మిగతా కణజాలాలు మారే తీరు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పుట్టినప్పుడు ఎముకలన్నిటిలో రక్తకణాలను తయారుచేసే ఎర్ర మజ్జ ఉంటుంది, పెద్దయ్యేసరికి వెన్నెముక, పక్కటెముకలు, రొమ్ము ఎముక, కటి ఎముక వంటి చోట్లకే పరిమితమై మిగతా చోట్ల కొవ్వు నిండిన పసుపు మజ్జ అవుతుంది. ఈ పిల్లల్లో కణాలు త్వరగా చనిపోతున్నందువల్ల ఎర్ర మజ్జ తగ్గవలసిన చోట కూడా అలాగే ఉండిపోతుంది, విస్తరిస్తుంది. రక్తంలోని సూక్ష్మక్రిములను వడకట్టే ప్లీహం మొదట ఉబ్బుతుంది, తర్వాత పదే పదే రక్తం అందక నార కణజాలంగా కుంచించుకుపోతుంది. చాలామందిలో బడి వయస్సు వచ్చేసరికి అది పనిచేయదు. అందువల్లనే వీరికి న్యుమోకోకస్ (న్యుమోనియా తెచ్చే బాక్టీరియా) టీకా, చిన్నతనంలో పెన్సిలిన్ ముఖ్యం. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద పరీక్షలు చేస్తున్నారు. టీచర్లు పెళ్ళికి ముందు పరీక్ష గురించి పై తరగతుల్లో చెప్పగలిగితే మా పని కొంత తేలికవుతుంది. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యువు ఒక్కొక్కటి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.


నర్సంపేట_బడి

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చ చదివాక ఒక మేక కాలు తెప్పించి తరగతిలో బల్ల మీద పెట్టాను. మటన్ కొట్టులో మోకాలి కీలు చెడకుండా కోసి ఇమ్మని ముందే చెప్పాలి, లేకపోతే కత్తి దాని మీదే పడుతుంది. చర్మం ఒలిచిన కాలులో ఎర్రని కండరం, అది సన్నబడి తెల్లని మెరిసే తాడుగా మారి ఎముకకు అతుక్కునే చోటు, కీలు తెరిస్తే నీలిఛాయ గల తెల్లని నున్నని మృదులాస్థి, ఎముక నరికితే లోపల మూలుగ కనిపించాయి. మృదులాస్థి మీద వేలు పెట్టి జార్చి చూడమంటే పిల్లలు వంతుల కోసం తోసుకున్నారు. కోడి ఎముకను వెనిగర్‌లో నానబెట్టాం. ఖనిజం కరిగిపోయి అది రబ్బరులా వంగుతోంది. మరొక ఎముకను కాల్చితే కొలాజెన్ పోయి వేళ్ళ మధ్య పొడైంది. ఎముక గట్టిదనం ఒకదాని వల్ల, విరగకుండా వంగే గుణం మరొకదాని వల్ల వస్తాయని చెప్పడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తెలియదు.

తొడ వెనుక నుంచి దిగే నాడి కూడా దొరికింది, తెల్లని దారంలా. అప్పుడు వచ్చిన ప్రశ్న ఇది: నాడీకణాలు విభజన చెందవని డాక్టర్ గారు రాశారు, మరి కొడవలితో తెగి మొద్దుబారిన వేలికి కొన్ని నెలలకు స్పర్శ తిరిగి వస్తుంది కదా, ఎలా?


మానేరు_ఒడ్డు

నాడీకణపు దేహం వెన్నుపాము లోపల గానీ దాని పక్కన గానీ భద్రంగా ఉంటుంది. తెగింది దాని పొడవాటి తోక మాత్రమే. కొత్త కణం పుట్టనవసరం లేదు, ఉన్న కణమే తోకను మళ్ళీ పెంచుతుంది. తెగిన చోటికి అవతల మిగిలిన తొడుగులోని ష్వాన్ కణాలు పాత శిథిలాలను శుభ్రం చేయడంలో తోడ్పడి, దారిగా నిలిచి, పెరుగుదలకు కావలసిన పదార్థాలను కూడా విడుదల చేస్తాయి. మెదడులోనూ వెన్నుపాములోనూ ష్వాన్ కణాలు లేవు. అక్కడి తొడుగు కణాలు వేరే రకానివి, వాటి శిథిలాల్లోని ప్రోటీన్లు పెరుగుదలను అడ్డుకుంటాయి, పైగా గాయం చుట్టూ మచ్చ ఏర్పడుతుంది. అందుకే తాటి చెట్టు మీది నుంచి పడి వెన్నుపాము తెగినవారికి కాళ్ళ స్పర్శ తిరిగి రాదు.

చేతి నాడి పెరిగే వేగం రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు. మణికట్టు దగ్గర తెగితే వేలి కొన దాకా 17, 18 సెంటీమీటర్లు ఉంటుంది కనుక ఆరు నెలలు, మొదట్లో పట్టే ఆలస్యంతో కలిపితే అంతకంటే ఎక్కువ పడుతుంది. స్పర్శ మణికట్టు వైపు నుంచి వేళ్ళ వైపుకు దిగుతూ వస్తుంది, మధ్యలో తిమ్మిర్లు, జివ్వుమనడం ఉంటాయి. రెండు చివరలు ఎదురెదురుగా కలవకపోతే తోకలు దారి తప్పి గడ్డ కడతాయి. కాబట్టి తెగిన గాయం తర్వాత వేలు మొద్దుబారినా, మడవలేకపోయినా పసుపు పెట్టి కట్టు కట్టి ఊరుకోకుండా, వీలైతే మొదటి కొద్ది రోజుల్లోనే నాడిని కుట్టగల శస్త్రచికిత్స నిపుణుడికి చూపించాలి. కండరానికి వెళ్ళే నాడి అయితే ఏడాది, ఏడాదిన్నర దాటాక అది చేరినా కండరం అప్పటికే క్షీణించి నారగా, కొవ్వుగా మారి ఉంటుంది.